నీళ్ల మేస్త్రీ చేతికి గ్యాస్ పని

వంటింట్లో గ్యాస్ వాసన వస్తే మన ఇళ్లలో మొదట గుర్తుకొచ్చేది కుళాయి కారినప్పుడు పిలిచే మనిషే. ఆయన నంబరు ఫోన్లో ఉంటుంది. నాలుగు వీధుల అవతలే ఉంటాడు. పిలిస్తే పావుగంటలో వస్తాడు. పైపు, నట్టు, వాషర్, పానా అన్నీ ఉన్న పనే కదా, నీళ్ల లీకైతే ఏమిటి, గ్యాస్ లీకైతే ఏమిటి అని ఇంటివాళ్లు అనుకుంటారు. వచ్చిన ప్లంబరూ అలాగే అనుకుంటాడు. ఇద్దరిదీ మంచి ఉద్దేశమే. కానీ ఈ అలవాటు ఎంత ప్రమాదకరమో తెలిసి కూడా ప్రభుత్వాలు, చమురు కంపెనీలు, గ్యాస్ ఏజెన్సీలు గట్టిగా చెప్పడం లేదు. అందుకే ఈ హెచ్చరిక. గ్యాస్ లీకును బాగు చేయించడానికి ప్లంబర్‌ని పిలవకండి. ప్లంబర్లు ఆ పనికి ఒప్పుకోకండి.

నీళ్లు కారితే కంటికి కనిపిస్తాయి. ఎక్కడ తడి ఉందో అక్కడ లోపం ఉంటుంది. బిగిస్తే ఆగుతుంది, ఆగకపోతే మళ్లీ కనిపిస్తుంది. పని సరిగ్గా జరిగిందో లేదో చెప్పడానికి చదువు అక్కర్లేదు. గ్యాస్ కనిపించదు. మన బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. అది గాలికన్నా బరువైనది, దాదాపు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. అందుకే లీకైన గ్యాస్ పైకి పోదు, నేల మీద పాకుతుంది. గట్టు కింద, అలమరాల అడుగున, ఫ్రిజ్ వెనకాల పేరుకుంటుంది. వంటగది జాలీలోంచి డ్రైనేజీ గొట్టంలోకి దిగుతుంది. అపార్టుమెంట్లలో అయితే మెట్ల మీదుగా సెల్లారుకు, లిఫ్టు గుంటలోకి, వాచ్‌మన్ కుటుంబం పడుకునే గదిలోకి చేరగలదు. లీకు ఒకచోట, మంట మరోచోట అయ్యేది ఇందువల్లే.

ఎంత గ్యాస్ ఉంటే ప్రమాదం? గాలిలో సుమారు 2 నుంచి 9 శాతం మధ్య కలిస్తే చాలు, నిప్పురవ్వ తగలగానే అంటుకుంటుంది. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న వంటగదిని తీసుకోండి. ఆ గది గాలిలో 2 శాతం కావడానికి దాదాపు ఒక కిలో గ్యాస్ సరిపోతుంది. మన ఇంటికొచ్చే బండలో ఉండేది 14.2 కిలోలు. అంటే పద్నాలుగో వంతు లీకైతే గది మొత్తం పేలే స్థితికి వస్తుంది. నిజానికి గది మొత్తం నిండక్కర్లేదు. బరువైన గ్యాస్ కాబట్టి మోకాలెత్తున పేరుకున్నా చాలు. ఫ్రిజ్‌లోని కంప్రెసర్ దానంతట అది ఆన్ అయినప్పుడు పుట్టే రవ్వ సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది.

ఇప్పుడు ప్లంబర్ వచ్చాక జరిగేది చూద్దాం. వాసన వస్తోందని ఇంటివాళ్లు అప్పటికే కిటికీలు తెరిచారు. కొందరు ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా వేసేశారు. అతను వచ్చి కాలింగ్ బెల్ నొక్కుతాడు. గట్టు కింద చీకటిగా ఉందని ఎవరో లైటు వేస్తారు. గ్యాస్ పేరుకుని ఉంటే ఈ మూడింటిలో ఏదైనా ఆఖరి పని కావచ్చు. అదృష్టం బాగుండి ఏమీ కాలేదనుకుందాం. అతను కూర్చుని రబ్బరు ట్యూబు కదిపి చూస్తాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు. రెగ్యులేటర్ దగ్గర క్లిప్పు వదులుగా ఉందంటాడు. సంచిలోంచి టెఫ్లాన్ టేపు తీసి నాజిల్‌కు నాలుగు చుట్లు చుట్టి, ట్యూబు ఎక్కించి, ఇనుప తీగతో బిగిస్తాడు. స్టవ్ వైపు ఇత్తడి నట్టు ఉంటే పానాతో ఇంకో చుట్టు తిప్పుతాడు. ఇంకా అనుమానం ఉంటే పైన ఎంసీల్ పూస్తాడు. మళ్లీ వాసన చూస్తాడు. రావడం లేదు. రెండు వందలో మూడు వందలో తీసుకుని వెళ్లిపోతాడు.

వాసన పోయింది నిజమే. కిటికీలు తెరిచి ఉన్నాయి కాబట్టి పోయింది. అరగంట నుంచి ఆ గదిలోనే ఉన్నవారి ముక్కులు ఆ వాసనకు అలవాటు పడిపోయాయి కాబట్టి కూడా పోయింది. లీకు మాత్రం పోయిందని ఎవరూ పరీక్షించలేదు. సబ్బు నీళ్లు పూసి బుడగలు వస్తున్నాయా అని చూడలేదు. పైపులో ఒత్తిడి పెట్టి ఎంతసేపు నిలుస్తోందో కొలవలేదు. రాత్రి పదింటికి దోమల కోసం కిటికీలు వేసేస్తారు. తెల్లవారుజామున లేచి వంటింట్లో లైటు స్విచ్ వేస్తారు. ‘లైటు వేయగానే పేలుడు’ అంటూ తెలుగు పత్రికల్లో వచ్చే వార్తల వెనక ఉండే క్రమం ఇదే. రాత్రంతా మూసిన గది, తెల్లవారుజామున తొలి రవ్వ.

టేపు, ఎంసీల్ వంటివి నీటి పనిలో పనికొచ్చేవే. గ్యాస్ దగ్గర అవి లోపాన్ని బాగు చేయవు, కప్పిపెడతాయి. బండ నోటి దగ్గర గ్యాస్‌ను ఆపేది వాల్వు లోపల ఉండే చిన్న రబ్బరు రింగు. అది చిరిగితేనో ఊడిపోతేనో ఎంత గట్టిగా నొక్కినా రెగ్యులేటర్ చుట్టూ గ్యాస్ వస్తూనే ఉంటుంది. దాని మీద టేపు చుట్టి ఏం లాభం? రబ్బరు ట్యూబు పాతబడితే పైకి బాగానే కనిపిస్తూ లోపల పగుళ్లు తీస్తుంది. కంపెనీలు అమ్మే ఉక్కు తీగ అల్లిక ఉన్న సురక్ష ట్యూబును అయిదేళ్లకోసారి మార్చాలి. దాని పొడవు ఒకటిన్నర మీటరు దాటకూడదు. రెండు ముక్కలు కలపకూడదు, గోడకు కన్నం పెట్టి అవతలికి తీయకూడదు. ఈ మూడు తప్పులూ మన ఇళ్లలో రోజూ జరుగుతున్నాయి. వాటిలో చాలా వరకు నీళ్ల పని చేసేవారి చేతుల మీదుగానే జరుగుతున్నాయి.

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లో కొత్తగా కట్టే ఇళ్లలో ఈ ప్రమాదం రూపం మార్చుకుంది. మాడ్యులర్ కిచెన్ చేయిస్తారు. గట్టు కింద బండ కనిపిస్తే అందం పోతుందని బాల్కనీలోకో యుటిలిటీలోకో నెడతారు. అక్కడి నుంచి స్టవ్ వరకు రాగి గొట్టం లాగుతారు. లాగేది ఎవరు? కిచెన్ చేసిన కార్పెంటర్‌తో వచ్చిన మనిషి, లేదా భవనానికి నీటి గొట్టాలు వేసిన ప్లంబరే. గొట్టం అలమరాల వెనకాల పోతుంది, టైల్స్ కింద పోతుంది. తరవాత వాటర్ ఫిల్టర్ పెట్టడానికో చిమ్నీ బిగించడానికో ఇంకొకరు వచ్చి గోడకు డ్రిల్ పెడతారు. గొట్టం ఎక్కడుందో వాళ్లకు తెలియదు. ఇంటావిడకూ తెలియదు. తలుపులు మూసిన అలమర లోపల లీకైతే వాసన బయటికి రావడానికే చాలా సమయం పడుతుంది. ఈలోగా ఆ చెక్కపెట్టె గ్యాస్‌తో నిండిపోతుంది. లక్షలు పెట్టి చేయించుకున్న వంటగదిలో గ్యాస్ గొట్టం ఎవరు వేశారు, ఎలా పరీక్షించారు అని అడిగే యజమానులు అరుదు. అడగండి. ఏజెన్సీ మెకానిక్ చూసి సరే అన్నదాకా ఆ స్టవ్ వెలిగించకండి.

గ్యాస్ గీజర్ సంగతి ఇంకా దారుణం. దీన్ని బిగించేది దాదాపు ఎప్పుడూ ప్లంబరే, ఎందుకంటే దానికి నీటి కనెక్షన్ ఉంటుంది. చాలాచోట్ల స్నానాల గదిలోనే బిగిస్తారు. చలికాలం కిటికీ మూసుకుని వేడినీళ్లు తిప్పుతారు. ఆ మూసిన గదిలో గాలి చాలక గ్యాస్ పూర్తిగా మండదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. ఆక్సిజన్‌కన్నా రెండు వందల రెట్లకు పైగా బలంగా రక్తాన్ని పట్టుకుంటుంది. స్నానానికి వెళ్లిన మనిషికి తల తిరుగుతుంది, కాళ్లలో సత్తువ పోతుంది, గడియ తీయడానికి చెయ్యి లేవదు. తలుపు పగలగొట్టి చూసేసరికి ప్రాణం ఉండదు. ఇక్కడ గ్యాస్ లీకు కూడా లేదు, పైపు బిగింపు బ్రహ్మాండంగా ఉంది. బిగించిన చోటే తప్పు. గ్యాస్ గీజర్ గాలి ఆడే చోట, స్నానాల గదికి బయట ఉండాలి. పొగ బయటికి పోయే గొట్టం ఉండాలి. ఈ ఒక్క మాట తెలియని మనిషి చేతిలో అది పెట్టడమంటే ఇంట్లోని పిల్లల ప్రాణాలు పెట్టడమే.

గ్యాస్‌కు మనం ఇప్పుడు గుర్తుపట్టే ఆ ఘాటు వాసన పుట్టుకతో వచ్చింది కాదు. ఇథైల్ మెర్కాప్టాన్ అనే పదార్థాన్ని కావాలని కలుపుతారు. వాసన కలపడాన్ని అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం చట్టం చేసింది ఒక ఘోరం తరవాత. 1937 మార్చి 18న అక్కడి న్యూ లండన్ ఊళ్లో బడి పేలిపోయి మూడు వందల మంది దాకా చనిపోయారు. అత్యధికులు పిల్లలు. డబ్బు ఆదా చేద్దామని బడి పెద్దలు పాత గ్యాస్ ఒప్పందం మానేసి, పక్కనే ఉన్న చమురు కంపెనీ వృథా గ్యాస్ గొట్టానికి ప్లంబర్ చేత కనెక్షన్ పెట్టించుకున్నారు. ఆ గ్యాస్‌కు వాసన లేదు. భవనం అడుగున ఖాళీలో ఎన్నాళ్లుగా పేరుకుందో ఎవరికీ తెలియదు. చెక్కపని నేర్పే గదిలో ఉపాధ్యాయుడు ఒక కరెంటు యంత్రం ఆన్ చేశాడు. ఆ రవ్వ చాలింది. అంతమంది పిల్లలను పోగొట్టుకున్నాక ప్రపంచానికి వచ్చిన హెచ్చరిక ఈ వాసన. అది వచ్చినప్పుడు కూడా కుళాయి మేస్త్రీని పిలిచి టేపు చుట్టించుకుంటున్నామంటే ఏమనాలి?

లండన్‌లో 1968 మే 16న రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో ఒక మూల మూలంతా కూలిపోయింది. నలుగురు చనిపోయారు. 18వ అంతస్తులో ఒకామె పొద్దున్నే టీ పెట్టుకోవడానికి అగ్గిపుల్ల గీసింది. స్టవ్‌కు గొట్టాన్ని కలిపే ఒక నాసిరకం ఇత్తడి నట్టు విరిగి గ్యాస్ లీకవుతోందని విచారణలో తేలింది. ఒక్క నట్టు. పానాతో బలంగా తిప్పితే పని అయిపోయిందనుకునేవారు తెలుసుకోవలసిన సంగతి ఇది. ఇత్తడి నట్టు వదులైతే లీకు, మరీ బిగిస్తే పగులు. ఎంత బిగించాలన్నది ఆ పని నేర్చినవారికే తెలుస్తుంది.

మన అనుభవాలు తక్కువేమీ కాదు. 1997 సెప్టెంబర్ 14న విశాఖపట్నం హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై మేఘంలా పరుచుకుని అంటుకున్నప్పుడు సుమారు 60 మంది బలయ్యారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైను లీకై ఊరి మీద మంటలు లేచాయి. 20 మందికి పైగా చనిపోయారు, కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. గ్యాస్ లీకవుతోందని ముందే చెప్పినా పట్టించుకోలేదని గ్రామస్తులు మొత్తుకున్నారు. అవి పెద్ద పరిశ్రమల వైఫల్యాలు, వంటింటి లీకుతో వాటికి పోలిక లేదనుకోవచ్చు. గ్యాస్ గుణం మాత్రం ఒక్కటే. లీకును చిన్నదిగా చూసినచోటల్లా అది అలాగే ప్రవర్తించింది.

ప్లంబర్‌ని పిలవొద్దనే మాట విని విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఆశ్చర్యపోవచ్చు. టెక్సస్‌లో గ్యాస్ గొట్టాల పని చేసేది లైసెన్సున్న ప్లంబర్లే. గ్యాస్ కంపెనీ మీటరు కట్టేసి వెళ్తే, ప్లంబర్ బాగు చేసి, ఒత్తిడి పరీక్ష చేసి చూపాకే మళ్లీ సరఫరా ఇస్తారు. బ్రిటన్‌లో గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్నవారు తప్ప ఇంకొకరు డబ్బు తీసుకుని గ్యాస్ పని చేస్తే నేరం. వారి గుర్తింపు కార్డు వెనక ఏయే పనులకు అర్హత ఉందో కూడా రాసి ఉంటుంది. అక్కడి ప్లంబర్ ఏళ్ల తరబడి నేర్చి, పరీక్ష రాసి ఆ హక్కు తెచ్చుకున్నాడు. మన దగ్గర ప్లంబర్ అంటే అన్న దగ్గరో మేనమామ దగ్గరో సంచి మోస్తూ పని నేర్చుకున్నవాడు. ఐటీఐలో చదివినా ఆ చదువు ప్రధానంగా నీటి, పారిశుద్ధ్య గొట్టాల గురించే. అతని నైపుణ్యాన్ని తక్కువ చేయడం లేదు. అతనికి ఎవరూ నేర్పని పనిని అతని నెత్తిన పెట్టడం అన్యాయమంటున్నాం. లీకు దగ్గర తల పెట్టి కూర్చునేది అతనే. మంట లేస్తే ముందు కాలేది అతని మొహమే.

మరి జనం ప్లంబర్‌నే ఎందుకు పిలుస్తున్నారు? తప్పంతా ఇంటివాళ్ల మీదికి నెట్టేయడం తేలిక. అలా చేయడం న్యాయం కాదు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే ఎత్తరు. ఎత్తితే మెకానిక్ రేపొస్తాడంటారు. ఆదివారమైతే ఆఫీసుకు తాళం. వచ్చిన మెకానిక్ ఎంత అడుగుతాడోనన్న భయం ఒకటి. బండ తెచ్చే బాయ్ ఇంట్లో దించేముందు బరువు తూచి, సీలు తీసి, లీకు ఉందో లేదో చూసి ఇవ్వాలన్నది నియమం. గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి, మీ ఇంట్లో ఎప్పుడైనా చూశాడా? మూడో అంతస్తు మెట్లెక్కి బండ గుమ్మంలో దించి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతాడు. రోజుకు అన్ని బండలు మోయాల్సిన మనిషిని నిలబెట్టి పరీక్షలు చేయమనడానికి ఇంటివాళ్లకూ మొహమాటమే. అతని మీద అంత పని పెట్టిన ఏజెన్సీలది ఆ తప్పు. అయిదేళ్లకోసారి మెకానిక్ ఇంటికొచ్చి స్టవ్, ట్యూబు, రెగ్యులేటర్ తనిఖీ చేయాలి. ఆ తనిఖీ ఎన్ని ఇళ్లలో నిజంగా జరుగుతోందో చమురు కంపెనీలు లెక్క తీసి జనానికి చెప్పాలి.

ఈ సందును వాడుకుంటున్నవారు ఇంకొకరున్నారు. మెడలో ఏదో కార్డు వేసుకుని ఏజెన్సీ నుంచి వచ్చామని చెప్పి, ఒంటరిగా ఉన్న ఆడవాళ్లను, పెద్దవాళ్లను బెదిరించి నాసిరకం ట్యూబులు అంటగట్టి పోయేవాళ్లు. ఏజెన్సీకి ఫోన్ చేసి అడిగాకే అలాంటివారిని గుమ్మం దాటనివ్వండి. ట్యూబు, రెగ్యులేటర్ ఏజెన్సీలోనే కొనండి.

అసలు కనెక్షనే లేనివాళ్ల బాధ వేరు. నగరాల్లో గదులు అద్దెకు తీసుకున్న విద్యార్థులు, కట్టడం పనికి వలస వచ్చిన కుటుంబాలు సందుల్లో కిలోల లెక్కన నింపే చిన్న బండలు వాడతారు. పెద్ద బండలోంచి చిన్న బండలోకి గ్యాస్ వంచే ఆ దుకాణాలు చట్టవిరుద్ధం. అక్కడ నింపిన బండ లీకైతే వీళ్లు ఏ ఏజెన్సీకి చెప్పుకోవాలి? చెబితే కేసవుతుందేమోనన్న భయం. అందుకే ప్లంబరో, స్టవ్ రిపేర్ల మనిషో దిక్కు. చిరునామా పత్రాలు అక్కర్లేకుండా గుర్తింపు కార్డు చూపితే దొరికే 5 కిలోల బండలను కంపెనీలే అమ్ముతున్నాయి. ఆ సంగతి ఈ బస్తీల్లో ఎంతమందికి తెలుసు? పేదల వంటింటికి గ్యాస్ తెచ్చిన రాష్ట్రాలు మనవి. 1999లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం మొదలైంది. ఆ తరవాత 2016లో కేంద్రం ఉజ్జ్వల తెచ్చింది. కట్టెల పొగ నుంచి లక్షల మంది ఆడవాళ్లకు విముక్తి దొరికింది. అది గొప్ప పని. కానీ కనెక్షన్ ఇచ్చిన రోజు ఫొటో తీసుకున్న యంత్రాంగం, ఆరేడేళ్లకు ఆ ట్యూబు పగిలినప్పుడు కొత్తది కొనే స్తోమత ఆ ఇంటికి ఉందా అని చూడలేదు. బండకు సబ్సిడీ ఇస్తున్న ప్రభుత్వాలు ట్యూబుకు కూడా ఇవ్వాలి. అయిదేళ్లకు ఒక ట్యూబు ఖర్చు, కాలిన గాయాల వార్డులో ఒక్క రోజు ఖర్చులో ఏ మూలకూ రాదు.

ఇక వాసన వచ్చినప్పుడు చేయవలసింది. ముందు రెగ్యులేటర్ నాబ్ కట్టేయాలి, స్టవ్ నాబ్‌లు కట్టేయాలి. చాలా లీకులు అక్కడితోనే ఆగుతాయి, ఎందుకంటే ట్యూబులోకో స్టవ్‌లోకో గ్యాస్ రావడం మానేస్తుంది. ఆ తరవాత కూడా బండ దగ్గర వాసన వస్తుంటే లోపం వాల్వులో ఉన్నట్టు. రెగ్యులేటర్ తీసేసి, తెల్లని దారంతో వేలాడే మూత బిగించాలి. ఆ మూతను పిల్లలకు ఆటవస్తువుగా ఇచ్చేయకుండా బండకే ఉంచుకోవాలి. దేవుడి దగ్గర దీపం, అగరుబత్తి ఆర్పాలి. కరెంటు స్విచ్ ఏదీ ముట్టుకోకూడదు. వేయకూడదు, వేసి ఉన్నదాన్ని తీయనూ కూడదు, రెండింటిలోనూ రవ్వ వస్తుంది. ఫ్యాన్ వేసి గ్యాస్‌ను తరిమేద్దామనుకోవద్దు. తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, పిల్లలను, పెద్దవాళ్లను తీసుకుని బయటికి రావాలి. బండను మోసుకుపోగలిగితే ఆరుబయట నిలబెట్టాలి, పడుకోబెట్టకూడదు. మెయిన్ స్విచ్ ఇంటి బయట ఉంటేనే ఆపాలి. ఫోన్ బయటికి వచ్చాకే చేయాలి. అగ్గిపుల్ల గీసి లీకు ఎక్కడుందో వెతికే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల చెయ్యి పట్టుకుని ఆపండి.

ఫోన్ ఎవరికి? 1906. గ్యాస్ లీకుల కోసమే చమురు కంపెనీలు 2016 నుంచి నడుపుతున్న నంబరు ఇది. పగలూ రాత్రీ పనిచేస్తుంది. మంట లేచినా, లీకు ఆగకపోయినా అగ్నిమాపక కేంద్రానికి 101 కొట్టండి. పైపుల ద్వారా సహజవాయువు వచ్చే ఇళ్లలో మీటరు దగ్గరి వాల్వు కట్టేసి, ఆ సరఫరా సంస్థ అత్యవసర నంబరుకు చెప్పాలి. ఆ గ్యాస్ మీథేన్, గాలికన్నా తేలిక, పైకప్పు దగ్గర చేరుతుంది. కాబట్టి పైనున్న కిటికీలూ వెంటిలేటర్లూ తెరవాలి. ఆ గొట్టం మీద కూడా ప్లంబర్ చెయ్యి పడకూడదు.

కనెక్షన్ ఉన్న ప్రతి ఇంటికీ బీమా ఉందన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. గ్యాస్ ప్రమాదంలో మనిషి చనిపోతే 6 లక్షల రూపాయలు, గాయపడితే వైద్యానికి ఒక్కొక్కరికి 2 లక్షల దాకా, ఏజెన్సీలో నమోదైన ఇంటికి నష్టం జరిగితే 2 లక్షల దాకా ఇచ్చేలా చమురు కంపెనీలు పాలసీ తీసుకుంటాయి. దీనికి మనం విడిగా కట్టేదేమీ లేదు. ప్రమాదం జరగగానే ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలపాలి. విచారణకు వచ్చినవారికి ఐఎస్ఐ గుర్తులేని ట్యూబు, ఎవరో అతికించిన గొట్టం కనిపిస్తే ఆ కుటుంబం పరిహారం చిక్కుల్లో పడవచ్చు. మూడు వందల రూపాయల పనికి పోయేది ఇంతా ఉంది.

రెండు రాష్ట్రాల పౌరసరఫరాల శాఖలకు, చమురు కంపెనీలకు ఒక మాట. లీకు ఫిర్యాదు వస్తే గంటల్లో మనిషి గుమ్మంలో ఉండాలి. సెలవైనా, అర్ధరాత్రైనా. కనెక్షన్ ఎవరి పేరున ఉందన్న ప్రశ్న లీకు ఆపాక అడగాలి. 1906 అంకెలు బండ మీద, పల్లెటూరి ముసలమ్మ కూడా చదవగలిగినంత పెద్దగా, తెలుగు మాటతో కలిపి రాయించాలి. ప్లంబర్లలో ఈ పని నేర్చుకోవాలనుకునేవారికి శిక్షణ, పరీక్ష, గుర్తింపు కార్డు ఇచ్చే ఏర్పాటు చేయాలి. అప్పుడు పిలవగానే వచ్చే మనిషే అర్హత ఉన్న మనిషి అవుతాడు. అంతదాకా ఏజెన్సీల నిర్లక్ష్యానికి శిక్ష వినియోగదారుడు, ప్లంబరూ కలిసి అనుభవించకూడదు.

ప్లంబర్ సోదరులారా, గ్యాస్ వాసన వస్తోందని పిలుపొస్తే ఆ ఇంట్లో పనిముట్ల సంచి విప్పకండి. పానా తీయకండి. ఇంటివాళ్ల చేత రెగ్యులేటర్ కట్టించి, అందరినీ బయటికి రప్పించి, మీ ఫోన్ నుంచే 1906 కొట్టండి. ఇది నా పని కాదని చెప్పడం మీకు చిన్నతనం కాదు. మీ ఇంట్లో మీ కోసం ఎదురుచూసేవాళ్లున్నారు.